సీటు జారిందన్న మా పిన్ని

పోయిన మంగళవారం మా పిన్ని చనిపోయింది. సిడ్నీలో బ్లాక్‌టౌన్ స్టేషన్లో ట్రైను కోసం నిలబడి ఉండగా మెల్‌బోర్న్ నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. చెల్లెలంటే పిన్ని కూతురు. ఈ దేశంలోనే పుట్టిన పిల్ల. తెలుగు బాగానే అర్థమవుతుంది కాని జవాబు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఇస్తుంది. ఆ రోజు మాత్రం "అన్నా, అమ్మ పోయింది" అని తెలుగులో చెప్పింది. ఆ మాటతో తనకున్న తెలుగంతా అయిపోయినట్టు ఇంగ్లీషులోకి మారిపోయింది. "షి వాజ్ షౌటింగ్ ఎట్ సంవన్ ఆన్ ద ఫోన్. దెన్ షి సాట్ డౌన్, అన్నా. జస్ట్ సాట్ డౌన్" అంది.

గుండె ఆగిపోయిందట. ఎవరి మీద అరుస్తోంది అని అడిగాను.

"సమ్ ఫ్లయింగ్ క్లబ్. హూ ఎల్స్?"

ఏడుస్తూనే ఇద్దరం కాస్త నవ్వాం. నేనెక్కాల్సిన ట్రైను వచ్చి వెళ్ళిపోయింది.

ఇలాంటప్పుడు శాంతమూర్తి, చిరునవ్వు చెరగని మనిషి అని రాయడం అలవాటు. మా పిన్ని గురించి అలా రాస్తే, వినగలిగితే, నా చెవి మెలిపెట్టేది. ఆవిడకి కోపం ఎక్కువ. అరిచేది. వస్తువులు విసిరేది. ఒక మనిషి నుదురు పగలగొట్టింది కూడా. అదంతా ఎందుకు జరిగిందో తెలిసినవాణ్ణి కాబట్టి, అందులో నా పాత్ర కొంత ఉంది కాబట్టి, ఇది రాస్తున్నాను.

పిన్ని మత్తు డాక్టరు. ఒంగోలు దగ్గర పుట్టి, గుంటూరులో చదివి, పెళ్ళయ్యాక మెల్‌బోర్న్ వచ్చి, ఇక్కడ పరీక్షలన్నీ మళ్ళీ రాసి, ఊరికి ఉత్తరాన ఒక పెద్దాసుపత్రిలో పనిచేసింది. "పడుకోబెట్టడం ఎవడైనా చేస్తాడురా. లేపడానికే నాకు జీతం" అనేది. నేను యూనివర్సిటీలో చేరడానికి వచ్చినప్పుడు క్రెయిగీబర్న్‌లో వాళ్ళింట్లోనే దిగాను. వారం రోజుల్లో వేరే గది చూసుకుంటానన్నాను. "చూసుకో చూసుకో, ముందు పప్పు తిను" అంది. నాలుగేళ్ళు అక్కడే ఉన్నాను.

బాబాయి కౌన్సిల్లో ఇంజినీరు. నలభై దాటాక విమానం నడపడం నేర్చుకున్నాడు. గంట దూరంలో గోధుమ చేల మధ్య ఒక చిన్న ఎయిర్‌ఫీల్డు, అక్కడో ఫ్లయింగ్ క్లబ్బు. క్లబ్బు విమానాల్లో ఒకటి నాలుగు సీట్లది, ముందు రెండు, వెనక రెండు. వయసులో నాకన్నా పెద్దది. శనివారాల్లో దాన్ని అద్దెకి తీసుకుని తిప్పేవాడు. సరదా మనిషే కాని, విమానం దగ్గర మాత్రం సరదా ఉండేది కాదు. చెక్‌లిస్టు కాగితం చేత్తో పట్టుకుని, ఒక్కో గీత మీద వేలు పెట్టి, గట్టిగా చదువుకుంటూ చూసేవాడు. పిన్నికి ఎగరడమంటే ఇష్టం లేదు. అయినా ప్రతిసారీ వెళ్ళేది. బాబాయి వెనక సీట్లో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, "పద మరి, చావో బతుకో" అనేది. ఆయన ప్రతిసారీ విసుక్కునేవాడు.

ఒక శనివారం నన్నూ తీసుకెళ్ళారు. ముందు సీట్లో, బాబాయి పక్కన, నేను కూర్చున్నాను.

అలాంటి విమానాల్లో ముందు సీట్లు రెండు లోహపు పట్టాల మీద ముందుకీ వెనక్కీ జరుగుతాయి, కారు సీట్ల లాగానే. పట్టాకి వరసగా బెజ్జాలుంటాయి. సీటు కింద నుంచి ఒక పిన్ను ఆ బెజ్జంలోకి దిగితే సీటు కదలదు. బాబాయి సీటు జరుపుకుని, టక్‌మని చప్పుడు వినిపించాక, నడుముతో ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగి చూసుకున్నాడు. అది నేను నా కళ్ళతో చూశాను.

విమానం పరుగెత్తింది. చక్రాలు నేల విడిచాయి. నేను నా పక్క అద్దంలోంచి కిందికి చూస్తున్నాను. గొర్రెలు చెదిరి పరుగెడుతున్నాయి. చెట్ల తలల ఎత్తుకి వచ్చామనుకుంటా, ఎడమ పక్కన సొరుగు ఒక్కసారి బయటికి లాగినట్టు చప్పుడైంది. తిరిగి చూశాను. బాబాయి ముఖం ఉండవలసిన చోట లేదు. ఆయన చేతుల్లో స్టీరింగు పిడి పూర్తిగా వెనక్కి వచ్చేసింది. విమానం ముక్కు నిటారుగా లేచింది. ఎదురుగా అద్దంలో ఆకాశం తప్ప ఏమీ లేదు. ఏదో హారను ఆగకుండా కీచుమంటోంది. వెనక పిన్ని అరిచిన అరుపు భయంతో అరిచినది కాదు, దెబ్బ తగిలినవాళ్ళ అరుపు. ఆ తేడా నాకు చాలాకాలం తర్వాత గాని తట్టలేదు. ఎడమ రెక్క తెగిపడినట్టు వాలిపోయింది. నేల పక్కనుంచి మా మీదికి వచ్చింది.

గుద్దుకోవడం నాకు చప్పుడుగా గుర్తు లేదు. నోట్లో పళ్ళు విరిగి నాలుక మీద పడటం గుర్తుంది. ముక్కలైన అద్దం, మట్టి, గడ్డి ముఖం మీద కొట్టడం గుర్తుంది. రెక్క కంచెని పెకలించుకుంటూ వెళ్ళింది. ఇంజను లోపలికి తోసుకొచ్చింది. మేము రెండుసార్లు గిర్రున తిరిగి ఆగాం. తర్వాత వేడి ఇనుము మీద ఏదో బొట్టుబొట్టుగా పడి సుయ్‌మంటున్న శబ్దం, పెట్రోలు వాసన.

ఎడమకి చూశాను. బాబాయి సీటు పట్టాల చివరికంటా వెనక్కి వెళ్ళి పిన్ని మోకాళ్ళ కింద ఎముకల మీద కూర్చుంది. సీటు వీపు విరిగి వాలిపోయింది. ఆయన తల ఆవిడ ఒళ్ళో ఉంది. ముఖమంతా రక్తం. పిన్ని రెండు చేతులూ ఆయన దవడ కింద పెట్టి పైకి ఎత్తి పట్టుకుని ఉంది. అది మత్తు డాక్టర్ల పట్టు. దవడ అలా ఎత్తితే గొంతు మూసుకుపోకుండా ఊపిరి ఆడుతుంది. కాళ్ళు రెండూ విరిగి ఉన్న మనిషి ఆపరేషన్ థియేటర్లో మాట్లాడే గొంతుతో మాట్లాడుతోంది.

"పీల్చు. ఊఁ, వదులు. మళ్ళీ పీల్చు."

తర్వాత నా వైపు చూసి, "నువ్వు దిగు" అంది.

"నావల్ల కాదు పిన్నీ."

"పెట్రోలు కారుతోంది. దిగరా! దిగకపోతే నేనే చంపుతా."

బెల్టు విప్పుకుని, ఊడిపోయిన తలుపులోంచి నేల మీద పడ్డాను. షెడ్డు వైపు నుంచి మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. అందరికన్నా ముందు క్లబ్బు మెకానిక్కు గ్రెగ్, మంటలార్పే సిలిండరు ఎత్తుకుని. దేవుడి దయో, అతని సిలిండరు దయో, నిప్పంటుకోలేదు. ఆవిణ్ణి రేకులు కోసి బయటికి తియ్యడానికి దాదాపు గంట పట్టింది. బాబాయి ఊపిరి మధ్యలోనే ఆగిపోయింది. ఆగిపోయిందని అందరికన్నా ముందు తెలిసింది ఆవిడకే. అయినా చేతులు తియ్యలేదు. ఫైర్ సర్వీసు కుర్రాడు ఒక్కో వేలూ విడదీశాడట.

నాకు దవడ విరిగింది, కంఠం కింద ఎముక విరిగింది. మూడో రోజున ఆసుపత్రిలో పోలీసు వచ్చి, మెత్తగానే, ఏం చూశావని అడిగాడు. మందుల మత్తులో ఉన్నాను. చూసింది చూసినట్టు చెప్పాలనుకున్నాను. "ఆయన పిడి వెనక్కి లాగాడు. బలంగా" అన్నాను. అతను రాసుకుని నాకు చదివి వినిపించాడు. సంతకం పెట్టాను.

ఆ ఒక్క ముక్క ఎక్కడిదాకా వెళ్తుందో అప్పుడు నాకు తెలియదు.

పిన్ని రెండు కాళ్ళలోనూ ఉక్కు కడ్డీలు వేశారు. చక్రాల కుర్చీలో ఇంటికొచ్చింది. ఇంటికొచ్చాక ఏడవలేదు. తలుపులు విసిరికొట్టింది. కుర్చీలో కూర్చుని తలుపు విసరడం కష్టం కాబట్టి రెండు మూడు సార్లు ప్రయత్నించి మరీ విసిరేది. పరామర్శకి వచ్చిన తెలుగు అసోసియేషన్ పెద్దాయన ఒకరు హాల్లో కాఫీ తాగుతూ, "ఏం చేస్తామమ్మా, ఆయన సరదాయే ఆయన ప్రాణం తీసింది" అన్నారు.

"అన్నయ్యగారూ, రేపు ఫ్రీవే మీద మీ కారు స్టీరింగు చేతికి ఊడొస్తే, మీ సరదా అనుకోమంటారా?" అంది పిన్ని.

ఆయన కాఫీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు. "కప్పు కడిగేయ్" అంది నాతో.

నెలన్నర తర్వాత గ్రెగ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. గోళ్ళలో ఎంత కడిగినా పోని గ్రీజు. చేతిలో పూలగుత్తి, ఇంకో చేతిలో ఒక పాత కాగితం. కూర్చోమన్నా కూర్చోలేదు. కాగితం పిన్ని ఒళ్ళో పెట్టాడు. విమానం తయారుచేసిన కంపెనీ ఏళ్ళ కిందట యజమానులందరికీ పంపిన సమాచారం అది. ముందు సీటు పట్టాల బెజ్జాలు అరిగితే పిన్ను జారే అవకాశం ఉందని, సీటు వెనక్కి పోకుండా ఆపే రెండో కొక్కెం తమ దగ్గర దొరుకుతుందని రాసి ఉంది. పైన ఒక మాట పెద్దక్షరాల్లో ఉంది. ఆప్షనల్. ఇష్టమైతే పెట్టించుకోవచ్చు.

"వాళ్ళకి తెలుసు" అంది పిన్ని.

"తెలుసు. నాకూ తెలుసు" అన్నాడు గ్రెగ్. "చదివాను. క్లబ్బు కమిటీకి చెప్పాను. ఆప్షనల్ కదా, వచ్చే ఏడు చూద్దామన్నారు. నేను సొరుగులో పెట్టేశాను. ఆ విమానం పట్టాలు ప్రతి ఏడూ నేనే చూస్తాను డాక్టర్. ఈసారి చూసినప్పుడు ఆ బెజ్జం గుండ్రంగా లేదు. కోడిగుడ్డు లాగా సాగింది. ఇంకొన్నాళ్ళు పనికొస్తుందనుకున్నాను."

పిన్ని చేతికి దగ్గర్లో స్టీలు చెంబు ఉంది, నీళ్ళతో నిండుగా. అది గాల్లోకి లేవడం చూశాను. గ్రెగ్ తప్పుకోలేదు. తప్పుకోవచ్చు, అంత దూరం ఉంది. కనుబొమ్మ మీద తగిలి చర్మం చీలిపోయింది. రక్తం కంట్లోకి, చొక్కా మీదికి, పూల మీదికి కారింది. అతను చేతులు కిందికి వేలాడేసి అలాగే నిలబడ్డాడు.



"ఇలా రా" అంది పిన్ని. "వంగు. నా కాళ్ళు లేవవు, నువ్వే వంగాలి."

అతను ఆవిడ కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తన కాళ్ళ కట్లకోసం ఉంచిన దూది, మందు, పట్టీలు నాతో తెప్పించి, గాయం కడిగి, అంచులు దగ్గరికి లాగి అతికించింది. అతికిస్తూనే అడిగింది.

"ఇది కోర్టులో చెప్తావా? నాకు చెప్పినట్టే?"

"చెప్తే నా లైసెన్సు పోతుంది."

"పోతుంది."

"చెప్తాను" అన్నాడు గ్రెగ్.

కరోనర్ కోర్టు అని ఇక్కడ ఒకటుంది. మనిషి హఠాత్తుగా పోతే ఎందుకు పోయాడో తేల్చడం దాని పని. ఆ విచారణకి ముందు కంపెనీ తమ వాదన రాసి పంపింది. దాని ప్రతి పిన్నికి వచ్చింది. భోజనాల బల్ల దగ్గర కూర్చుని చదువుతోంది. అప్పటికి చేతికర్రతో నడుస్తోంది. చదువుతూ చదువుతూ ఒక పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

సీటు నేలకి గుద్దుకున్నాకే ఊడిందని వాళ్ళు రాశారు. విమానం పడిపోవడానికి కారణం పైలట్ ముక్కు అతిగా పైకెత్తడమని రాశారు. దానికి సాక్ష్యం, పక్కన కూర్చున్న ప్రయాణికుడి మాట. ఆయన పిడి వెనక్కి లాగాడు. బలంగా.

నా మాట. నా సంతకం.

నేను ఏమన్నానో నాకు సరిగా గుర్తు లేదు. అబద్ధం చెప్పలేదు పిన్నీ, చూసిందే చెప్పాను అన్నట్టున్నాను. ఇల్లు వదిలి వెళ్ళిపోతానని కూడా అన్నట్టున్నాను. పిన్ని నా వంక చూసింది. చెంబు మళ్ళీ లేస్తుందనుకున్నాను. లేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

"లే" అంది. "ఆ ఆఫీసు కుర్చీ తీసుకురా."

చెల్లెలు చదువుకునే బల్ల దగ్గర చక్రాల కుర్చీ ఉండేది. తెచ్చాను. బల్ల ముందు పెట్టి కూర్చోమంది. బల్ల మీద గుడ్డ, దాని మీద అన్నం గిన్నె, పప్పు, పెరుగు, గాజు గ్లాసులు. "గుడ్డ అంచు రెండు చేతుల్తో పట్టుకో. ఇది స్టీరింగు. ఎదురుగా చూడు. కాలేజీ కబుర్లు చెప్పు" అంది. ఏం చేస్తోందో అర్థం కాక ఏదో చెప్పడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలో ఉండగా చేతికర్ర కొక్కెం కుర్చీ వీపుకి తగిలించి, ఉన్న బలమంతా పెట్టి వెనక్కి ఈడ్చింది.

గుడ్డ నా చేతుల్లోనే ఉండిపోయింది. గిన్నెలు, గ్లాసులు, పప్పు, పెరుగు అన్నీ నా మీద, నేల మీద. ఒక గ్లాసు పగిలి నా చీలమండ కోసుకుంది. చెల్లెలు పైనుంచి "వాట్ ద హెల్, అమ్మా!" అంటూ పరుగెత్తుకొచ్చింది.

పిన్ని రొప్పుతూ నిలబడి ఉంది. "ఎందుకు లాగావు?"

"నేను లాగలేదు. కుర్చీ..."

"నీ చేతులు చూడు."

చూశాను. గుడ్డ పట్టుకున్న చేతులు రెండూ ముందుకి చాచి ఉన్నాయి. మోచేతులు ఏమాత్రం వంగలేదు.

అప్పుడు కనిపించింది. పప్పు కారుతున్న చొక్కాతో, గాజుపెంకుల మధ్య కూర్చుని ఉండగా, ఆ శనివారం నాకు మళ్ళీ కనిపించింది. ఏదైనా కావాలని లాగేవాడి మోచేతులు వంగుతాయి. బాబాయి చేతులు చాచి ఉన్నాయి. కర్రల్లా బిగుసుకుని, చివరికంటా చాచి, వేళ్ళ కొసలతో పిడిని పట్టుకుని ఉన్నాయి. ఆయన ముఖం ఉండవలసిన చోట లేకపోవడానికి కారణం అదే. ఆయన వెనక్కి వెళ్ళిపోతున్నాడు. పట్టుకోవడానికి ఆయనకి అదొక్కటే దొరికింది.

ఆ సంగతి చెప్పాను. చెప్తూ వెక్కివెక్కి ఏడ్చాను. పిన్ని వచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసింది. పప్పు అంటుకున్న జుట్టు మీదే వేసింది.

"పడిపోయే మనిషి దొరికింది పట్టుకుంటాడురా. దాన్ని తప్పు అనే హక్కు ఎవడికీ లేదు" అంది. "నువ్వు ముందు చూసింది చెప్పావు. ఇప్పుడు మిగతాది చెప్పు."

నా మీద కోపం లేదని ఆవిడ ఎప్పుడూ అనలేదు. ఆ రాత్రికి మళ్ళీ పప్పు వండింది.

కోర్టులో నన్ను కంపెనీ లాయరు గంటన్నర నలిపాడు. ఆసుపత్రిలో చెప్పని చేతుల సంగతి ఇన్నాళ్ళకి ఎలా గుర్తొచ్చింది అన్నాడు. పిన్ని ఇంట్లో ఉంటున్నావా, ఆవిడ వండింది తింటున్నావా అన్నాడు. ఈ విషయం మొదట ఎక్కడ గుర్తొచ్చింది అని అడిగాడు. భోజనాల బల్ల దగ్గర, కుర్చీతో సహా పిన్ని నన్ను వెనక్కి ఈడ్చినప్పుడు, అని నిజమే చెప్పాను. కోర్టులో ఎవరో నవ్వారు. లాయరు కూడా నవ్వి, కూర్చున్నాడు. అంతా పాడుచేశాననుకున్నాను.

పిన్ని వంతు వచ్చినప్పుడు నిలబడే చెప్పింది. కుర్చీ ఇస్తే వద్దంది. "మేము ఇంకా పైకి లేస్తూ ఉండగానే సీటు వచ్చి నా కాళ్ళకి తగిలింది. నా ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. దాని తర్వాతే నేల తగిలింది. రోజూ మనుషులకి నొప్పి తెలియకుండా చేసే డాక్టర్ని. నాకు మొదటి నొప్పి ఎప్పుడు మొదలైందో నాకు తెలుసు." లాయరు ఆవిణ్ణి ఎక్కువ ప్రశ్నలడగలేదు.

చివర గ్రెగ్ లేచాడు. కనుబొమ్మ మీద తెల్లటి మచ్చ. సాగిన బెజ్జం సంగతి, ఒకవైపే అరిగి మెరుస్తున్న పిన్ను సంగతి, సొరుగులో పెట్టిన కాగితం సంగతి, అన్నీ చెప్పాడు. ఎవరి మీదికీ నెట్టలేదు. "ఆప్షనల్ అంటే ప్రమాదం లేదనుకున్నాను. ప్రమాదం లేకపోతే కాగితం ఎందుకు పంపుతారని అడగాల్సింది. అడగలేదు" అన్నాడు. అతని లైసెన్సు ఆ ఏడే పోయింది.

సీటు గాల్లోనే జారిందని, పైలట్ తప్పేమీ లేదని కరోనర్ తేల్చింది. అంతటి ప్రమాదం తెలిసినప్పుడు ఆప్షనల్ అన్న మాట సరిపోదని కూడా రాసింది. చెల్లెలు ఆ పేజీ ఫోటో తీసి ఫోన్లో పెట్టుకుంది. కాని కరోనర్ ఎవరినీ దోషి అని శిక్షించలేదు. కంపెనీతో వేరే పోరాడాలి. సిటీలో ఒక ఎత్తైన భవనంలో సమావేశం పెట్టారు. నేను పిన్నిని దించి, పక్కనే కూర్చున్నాను. విమానం చాలా పాతదని, అంత పాత విమానానికి తయారుచేసినవాళ్ళ బాధ్యత చట్టం ప్రకారం ఎప్పుడో తీరిపోయిందని, అయినా మానవత్వంతో కొంత పరిహారం ఇస్తామని వాళ్ళ లాయరు అన్నాడు. ఒక షరతు. ఈ విషయం ఇకముందు ఎక్కడా మాట్లాడకూడదు.

"మీ బాధ్యత తీరిపోయిన రోజున ఆ పిన్నుకి కబురు పంపారా?" అంది పిన్ని.

ఆయనకి అర్థం కాలేదు.

"మీ బాధ్యత ఎన్నేళ్ళో ఆ సీటు మీద రాశారా? ఫలానా ఏడు తర్వాత ఇందులో కూర్చోవద్దు అని? రాస్తే మా ఆయన చదివేవాడు. ప్రతి అక్షరం మీద వేలు పెట్టి చదివేవాడు."

ఆవిడ అడిగింది ఒక్క వాక్యం. సీటు జారింది, పైలట్ తప్పు లేదు అని కంపెనీ కాగితం మీద కంపెనీ సంతకంతో. అది కుదరదన్నారు. కాగితాలు బల్ల మీద ఉన్నవి ఉన్నట్టే ఊడ్చి నేల మీదికి తోసి, నీళ్ళ జగ్గు కూడా వాటి మీద ఒంపేసి, చేతికర్ర తీసుకుని లేచింది. లిఫ్టులో మాత్రం నా భుజం పట్టుకుంది. ఆ పట్టులోని బలం చూస్తే, బాబాయి దవడ కింద ఉన్నది ఆ చేతులే అని అప్పుడనిపించింది.

తర్వాత ఒక ఏడాదికి కంపెనీ ఆ రెండో కొక్కెం అడిగినవాళ్ళకి ఉచితంగా పంపుతామని ప్రకటించింది. బాబాయి పేరు లేదు, క్షమాపణ లేదు. ఆ వాక్యం మాత్రం ఆవిడ బతికుండగా రాలేదు.

దాంతో ఆవిడ ఆగలేదు. ఉచితమే కాని అడిగితేనే వస్తుంది. ఎంతమంది అడుగుతారు? సెలవురోజు వస్తే కారేసుకుని చిన్న చిన్న ఎయిర్‌ఫీల్డులకి వెళ్ళేది. గ్రెగ్ తోడొచ్చేవాడు. లైసెన్సు లేదు కాబట్టి పనిముట్టు పట్టుకునేవాడు కాదు, టార్చిలైటు వేసి చూపించేవాడు. ఎండలో, ఈగల్లో, ఎవరిదో విమానంలోకి సగం దూరి పట్టాలు తడిమేది. సీటు పట్టుకుని పళ్ళు బిగించి గుంజేది. జారితే మాత్రం ఆ విమానం సొంతదారు ఆ పూట బతికి బట్టకట్టడం కష్టం. "ఆప్షనల్ అనకు. ఆ మాట నా ముందు అనకు" అని అరిచేది. మేట్, ఎవరీ ముసలావిడ అని కొందరు గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు. గేటు బయట నిలబడి అరిచేది. కొందరు క్లబ్బులవాళ్ళు మాత్రం తామే ఫోన్ చేసి పిలిచేవాళ్ళు.

సీటు గుంజే అలవాటు ఇంట్లోకీ వచ్చింది. ఎవరి కారెక్కినా, పెళ్ళి విందులో కుర్చీ వేసినా, ముందు ఒక గుద్దు గుద్ది గాని కూర్చునేది కాదు. నాకు ఉద్యోగం వచ్చి సిడ్నీకి మారిపోతున్నప్పుడు నా మొదటి కారు సీటుని ఎంత గుంజిందంటే డీలరు దగ్గరికి మళ్ళీ తీసుకెళ్ళాల్సివచ్చింది. యాక్సిడెంటు తర్వాత నేను బండి నడపడానికి భయపడితే, పక్కన కూర్చుని ట్రుగనీనాలో గోడౌన్ల మధ్య ఖాళీ రోడ్ల మీద నాలుగు ఆదివారాలు తిప్పించింది కూడా ఆవిడే. తను మాత్రం మళ్ళీ చిన్న విమానం ఎక్కలేదు. అడిగితే, "నాకు దాని మీద పగ లేదురా. నా కాళ్ళకుంది" అంది.

చివరిసారి ఆవిణ్ణి చూసింది రెండు నెలల కిందట. మెల్‌బోర్న్ వెళ్తే, "ఈ అర్వో ఖాళీనా? మధ్యాహ్నం నన్ను ఎయిర్‌ఫీల్డుకి దింపు" అంది. ఎడారి మీంచి ఉత్తరపు గాలి వేడిగా కొడుతోంది. అక్కడి క్లబ్బులో ఒక అమ్మాయి, ఇరవయ్యేళ్ళుండవు, మొదటిసారి ఒంటరిగా విమానం తీసుకెళ్ళబోతోంది. పిన్ని అప్పటికే ఆ విమానం సీట్లు గుంజి చూసేసింది. ఇక అక్కడ ఆవిడకి పని లేదు. వెళ్దామా అన్నాను. వినిపించుకోలేదు. కంచె దగ్గరికి నడిచి, కుడిచేత్తో ముళ్ళు లేని చోట తీగ పట్టుకుని నిలబడింది.

విమానం పరుగెత్తింది. లేచింది. చెట్ల తలల ఎత్తుకి వచ్చింది. నేను చూడలేక పిన్ని వంక చూశాను. రెప్ప వెయ్యలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. పీల్చు, వదులు అంటోందేమో అనిపించింది. విమానం చుక్క అయింది. పెద్ద చుట్టు తిరిగి, గాలికి ఊగుతూ దిగి, ఒకసారి ఎగిరిపడి, నేల మీద నిలిచింది. ఆ అమ్మాయి తలుపు తీసి చెయ్యి ఊపింది. షెడ్డు దగ్గర ఎవరో ఈల వేశారు.

పిన్ని చెయ్యి కంచె మీద నుంచి రాలేదు. వేళ్ళు బిగుసుకుపోయాయి. నేనే ఒక్కొక్కటీ విడదీశాను. అరచేతి మధ్యలో తీగ అచ్చు ఎర్రగా, లోతుగా, చర్మం చిట్లి రక్తం పైకొస్తూ ఉంది. ఆవిడ ఆ చేతి వంక ఒకసారి చూసుకుంది. చీరకి తుడుచుకోలేదు, మూసుకోలేదు. గాలికి ఆరనిస్తున్నట్టు అలాగే తెరిచి పట్టుకుని, విమానం దగ్గర గంతులేస్తున్న ఆ పిల్ల వైపు చూస్తూ నిలబడింది.